ఇంట్ల జూసిన్రా?

మేడమ్ అడిగింది ఆరోన్‌ని. జవాబు చెప్పింది వాళ్లమ్మ సారమ్మ.

"నిద్ర సరిగ్గా పడుతోందా?"

"యాడ పడ్తది మేడమ్! ఎప్పుడు లేసి సూసినా కండ్లు తెరుసుకొనే ఉంటడు."

"భోజనం?"

"పెట్టింది పెట్టినట్టే ఉంటది. చేప ముండ్లు తీసి పెడ్త, ఆరెంజ్ తొనలు ఒలిచి డబ్బాల పెడ్త. డబ్బా ఎట్ల పంపిన్నో గట్లనే వాపస్ తెస్తడు."

ఆరోన్ మెడలోని ఐడీ కార్డు తాడును వేలికి చుట్టుకుంటున్నాడు, విప్పుతున్నాడు. బీటెక్ మొదటి సంవత్సరంలో చేరి రెండు నెలలు దాటింది. ఘట్‌కేసర్ దాటాక హైవే పక్కన ఉందా కాలేజీ. క్లాసులో రెండుసార్లు కళ్లు తిరిగి కూర్చుండిపోతే, కాలేజీ వాళ్లే కౌన్సిలర్ పద్మశ్రీ మేడమ్ దగ్గరికి పంపించారు. ఒక్కడినే రమ్మన్నారు. సారమ్మ పర్మిషన్ పెట్టి మరీ వచ్చింది. వాణ్ని ఒక్కడినే పంపే అలవాటు ఆ ఇంట్లో లేదు.

పద్మశ్రీ పెన్ను కింద పెట్టింది.

"అమ్మా, నేను ఆరోన్‌ని అడుగుతున్నాను."

"వాడు జెప్పలేడు మేడమ్. చిన్నప్పటి సంది గంతే. నెలలు నిండకముందే పుట్టిండు వాడు. పుట్టినప్పుడు గింతనే ఉండె..."

"ఒక్క మాట ఆరోన్ చెప్తే వింటాను. ఒక్కటే."

గదిలో ఫ్యాను తిరుగుతోంది. సారమ్మ నోరు తెరిచింది. మేడమ్ ఆమె వైపు చూడలేదు. చాలా సేపటికి ఆరోన్ తాడు వదిలాడు.

"అటెండెన్స్ అప్పుడు గొంతు రాదు మేడమ్. నా నంబర్ దగ్గరికి వస్తుంటే చెమటలు వడ్తయ్. ఊపిరి ఆగిపోతదేమో అనిపిస్తది. ప్రెజెంట్ సర్ అనాలె, గంతే గదా. అదే రాదు."

సారమ్మకు ఆ సంగతి తెలియదు. వాడి బనియన్లలో ఏది బిగుతో ఏది వదులో తెలిసిన మనిషికి ఇది తెలియలేదు. "గీ ముచ్చట నాకెందుకు జెప్పలేదురా?" అంది. ఆరోన్ మళ్లీ తాడును వేలికి చుట్టుకున్నాడు.

వచ్చే బుధవారం మళ్లీ రమ్మంది పద్మశ్రీ. "ఈసారి ఆరోన్ లోపలికి వస్తాడు. మీరు బయట కూర్చోండి," అంది. సారమ్మకు కోపం వచ్చింది. కళ్లల్లో వత్తులు వేసుకుని పెంచిన కొడుకు. నిన్న మొన్న వాడి మొహం చూసిన ఈమె ఎవరు, తనను బయట కూర్చోమనడానికి? కోపాన్ని పైకి రానీయకుండా, "సరే మేడమ్" అని లేచింది.

గేటు బయట ఆమె భర్త అబ్బయ్య బైకు మీదే కునుకు తీస్తున్నాడు. నాచారంలో ఓ ఇంజనీరింగ్ యూనిట్లో లేత్ మిషన్ మీద పని అతనిది. కొడుకు కాలేజీలో చేరగానే రాత్రి డ్యూటీ రాయించుకున్నాడు. పొద్దున వాణ్ని దింపి, ఇంటికెళ్లి కాసేపు పడుకుని, సాయంత్రం మళ్లీ గేటు దగ్గర నిలబడాలి. కాలేజీ బస్సుంది, సిటీ బస్సుంది. బస్సులో తోపులాట, ఉప్పల్ రింగ్ రోడ్డు దాటడం వాడికి రాదు, ఎవడైనా ఫోన్ కొట్టేస్తాడు. ఇవన్నీ సారమ్మ భయాలు. మొదట్లో అబ్బయ్యవి కావు. ఇప్పుడు అతనివి కూడా.

ముగ్గురూ ఒకే బైకు మీద బయల్దేరారు. ముందు అబ్బయ్య, వెనక సారమ్మ, మధ్యలో గడ్డం మొలుస్తున్న ఆరోన్. కాలేజీ బస్సు వాళ్లను దాటుతుంటే కిటికీలోంచి ఎవరో ఈల వేశారు. తండ్రి వీపు వెనక ఆరోన్ తల దించుకున్నాడు. హైవే మధ్యన ఫ్లైఓవర్ పిల్లర్ల కింద దుమ్ము. ఉప్పల్ సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఆరోన్ వెనక్కి తిరక్కుండానే అన్నాడు.

"మమ్మీ. ఇయ్యాల్టి ముచ్చట ఎవ్వరికీ జెప్పకు."

"నా పానం పోయినా జెప్ప బిడ్డా."

ఆ మాట అన్నప్పుడు సారమ్మ నిజంగానే అంది.

మర్నాడు ఆమెకు పని మీద చూపు ఆనలేదు. ఆమెది నాచారంలోనే ఓ ఇంజెక్షన్ల ఫ్యాక్టరీ. తలకు నీలం టోపీ, ఒంటికి తెల్ల గౌను వేసుకుని, ట్యూబ్‌లైటు కింద కూర్చుని సీసాలు చూడాలి. ఒక్కో సీసాను మెల్లగా తిప్పి, ముందు నల్ల బోర్డు ముందు, తర్వాత తెల్ల బోర్డు ముందు పట్టి చూడాలి. తెల్ల నలకుంటే నలుపు మీద తేలుతుంది, నల్లటిదైతే తెలుపు మీద. అనుమానం వస్తే ఎర్ర ట్రేలో వేసేయాలి. సారమ్మ ట్రే ఎప్పుడూ అందరికంటే ముందు నిండుతుంది. "మంచియి గూడ పడేస్తవేంది అక్కా?" అని సూపర్‌వైజర్ సత్యవేణి నవ్వుతుంది. "ఎందుకైనా మంచిది," అంటుంది సారమ్మ.

ఆ రోజు సత్యవేణి నవ్వలేదు. ట్రేలోంచి ఓ సీసా తీసి లైటు ముందు పట్టి, తిప్పి, మళ్లీ పట్టి చూసింది. "దీంట్ల ఏమున్నది అక్కా?" అంది. ఏమీ లేదు. సారమ్మ కళ్లలోనే నీళ్లున్నాయి.

శుక్రవారం సగం రోజు సెలవు పెట్టి ఉపవాస ప్రార్థనకు వెళ్లింది. పాస్టరమ్మ గారింట్లో, పెద్ద గదిలో, ఆడవాళ్లంతా చాప మీద కూర్చున్నారు. పాటలయ్యాక ఒక్కొక్కరూ తమ మనవి చెప్తారు. ఒకామెకు మోకాళ్ల నొప్పులు, ఒకామె కూతురికి సంబంధం కుదరడం లేదు, ఒకామె మరిదికి తాగుడు. అందరి బాధా అందరిదీ అక్కడ. మనవి చెప్పకుండా ఇంటికి వెళ్లడమంటే దవాఖానాకు పోయి డాక్టరుకు రోగం చెప్పకుండా వచ్చినట్టే. సారమ్మ ఈ ఊరొచ్చిన కొత్తలో గర్భం నిలబడాలని మనవి చెప్పుకున్నది కూడా ఈ చాప మీదే.

తన వంతు వచ్చింది. ఆరోన్ మాట గుర్తుంది. పేరు చెప్పకపోతే మాట తప్పినట్టు కాదనుకుంది.

"ఒక పిల్లగాడు ఉన్నడు. కాలేజీల కొత్తగ చేరిండు. క్లాసుల పేరు పిలిస్తే గొంతు రాదంట. ఊపిరి ఆడదంట. మనసు డాక్టరమ్మకు సూపెడ్తున్నరు. ఆ పిల్లగాని కోసం..."

అక్కడితో కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పాస్టరమ్మ లేచి వచ్చి వీపు మీద చెయ్యి వేసింది.

"మన ఆరోనేనా బిడ్డా?"

సారమ్మ అవునని అనలేదు. ఏడ్చింది. ఆ ఏడుపుకు ఇంకో అర్థం ఎవరు తీస్తారు? ఆడవాళ్లంతా చుట్టూ చేరి గట్టిగా ప్రార్థన చేశారు. రెండు నెలల నుంచి గుండెల మీదున్న బరువు దిగిపోయింది. ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది కూడా.

శనివారం టీ విరామంలో లాకర్‌లోంచి ఫోను తీసేసరికి చర్చి గ్రూపులో పాస్టరమ్మ పెట్టిన సందేశం ఉంది. 'సహోదరుడు అబ్బయ్య, సహోదరి సారమ్మల కుమారుడైన ఆరోన్ కొరకు ప్రార్థించండి. కాలేజీలో మాట రాకుండా, ఊపిరి ఆడకుండా మానసిక బాధలో ఉన్నాడు. భయపు ఆత్మ విడిచిపోవునట్లు అందరూ ఉపవాసముండండి.' కింద వరసగా జోడించిన చేతుల బొమ్మలు. కొడుకు పేరు దగ్గర సారమ్మ వేలు ఆగింది. వెంటనే, ఇంతమంది తన కొడుకు కోసం కడుపు మాడ్చుకుంటున్నారు కదా అని కళ్లు చెమర్చాయి. తను కూడా 'ఆమెన్' అని పెట్టింది.

ఆదివారం ఆరాధన అయ్యాక పెద్దలు ఆరోన్‌ని ముందుకు పిలిచి తల మీద చేతులు పెట్టారు. వాడు కొయ్యబారి నిలబడ్డాడు. అన్ని చేతుల కింద వాడి మెడ వంగిపోయింది. ఇంటికి వచ్చే దారంతా మాట్లాడలేదు. ప్రార్థన పని చేస్తోందనుకుంది సారమ్మ.

సోమవారం టీ విరామంలో రోజూలాగే కొడుక్కు ఫోన్ చేసింది. 'తిన్నవా, ఏం తిన్నవ్, నీళ్లు తాగుతున్నవా' అని అడిగితే తప్ప ఆమె గొంతులో టీ దిగదు. స్విచ్ఛాఫ్. మళ్లీ చేసింది. స్విచ్ఛాఫ్. అబ్బయ్యకు చేస్తే అప్పటికే కాలేజీ గేటు దగ్గరున్నాడు. అతని మాట తడబడుతోంది.

"పోరగాండ్లంత బయటికొచ్చిన్రే. వీడొక్కడు రాలె. లోపలికి పోయి అడిగిన. పొద్దున్నే ఎల్లిపోయిండంట."

"ఎటు పోయిండు?"

"గదే తెల్వది."

అబ్బయ్య పక్కన నరేన్ ఉన్నాడు. చర్చికి వచ్చే కుర్రాడు, అదే కాలేజీలో రెండో సంవత్సరం. అబ్బయ్య ఫోను వాడి చేతికిచ్చాడు.

"ఆంటీ, నేను కావాలని జెయ్యలె ఆంటీ. మా మమ్మీ ఫోన్ల మెసేజ్ సూసి మా దోస్తుకు సూపెట్టిన. వాడు ఫొటో తీస్కున్నడు. గది ఫస్టియర్ గ్రూపుల పడ్తదని నాకు తెల్వది. పొద్దుగాల అటెండెన్స్‌ల ఆరోన్ నంబర్ పిలిచిన్రంట. వాడు జవాబు జెప్పేలోపల వెనక బెంచీలకెల్లి ఎవడో ఆమెన్ అన్నడంట. క్లాసంత నవ్విన్రంట. బ్యాగ్ తీస్కొని ఎల్లిపోయిండంట ఆంటీ."

సారమ్మ నీలం టోపీ తీయడం మరిచిపోయి ఆటో ఎక్కింది. తలుచుకోకూడదనుకున్న మాటే మెదడులో తిరుగుతోంది. అది తను టైపు చేసిన మాటే.

ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర భార్యాభర్తలు కలుసుకున్నారు. వరంగల్ బస్సులు ఆగే చోట చూశారు. మెట్రో మెట్ల మీద, స్కైవాక్ మీద, జ్యూస్ బండ్ల దగ్గర చూశారు. ఫోనులో ఫొటో పెట్టుకుని కనిపించిన వాళ్లందరినీ అడిగింది సారమ్మ. "గీ పిల్లగాన్ని సూసినవా అన్నా? భయస్తుడు. ఎవ్వరితోని మాట్లాడడు." జనం ఫొటోకేసీ, ఆమె నెత్తి మీది టోపీకేసీ చూసి తల అడ్డంగా ఊపి వెళ్లిపోతున్నారు. మధ్యలో అబ్బయ్య, "నువ్వు గీడనే ఉండు. జర అటు సూసొస్త," అని బైకు మీద వెళ్లాడు. చాలా సేపటికి తిరిగి వచ్చాడు. బూట్ల నిండా, ప్యాంటు అంచుల నిండా బూడిద రంగు దుమ్ము. రైలు పట్టాల కింద పోసే కంకర దుమ్ము. ఎటు పోయావని సారమ్మ అడగలేదు, అతను చెప్పలేదు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయారు.

పొద్దు గూకే వేళకు పోలీస్ స్టేషన్‌కు వెళ్లారు. కానిస్టేబుల్ కుర్చీ చూపించి పేరు, వయసు, తొడుక్కున్న బట్టలు అడిగాడు. చొక్కా రంగుతో మొదలుపెట్టి సాక్సుల దాకా చెప్పింది సారమ్మ. అతను అన్నీ విని, మంచినీళ్ల సీసా ఆమె ముందుకు జరిపి అడిగాడు.

"ఇంట్ల జూసిన్రా అమ్మా?"

భార్యాభర్తలు ఇద్దరూ అతని వైపు చూశారు.

"ఇంట్లనా?"

"ఆ, ఇంట్లనే. ముందుగాల ఇంట్ల సూస్తరు గదా ఎవరైన."

"వానికి ఒక్కనికి ఇంటికొచ్చుడు రాదు సర్," అంది సారమ్మ.

కానిస్టేబుల్ చేతిలో పెన్ను ఆగిపోయింది. "పద్దెనిమిదేండ్లు అన్నరు?" అన్నాడు. ఎకసెక్కం కాదు, నిజంగానే అర్థం కాక అడిగాడు.

నాచారం సందులోకి బైకు తిరిగేసరికి ఇంటి ఓనరు లక్ష్మీనర్సమ్మ గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

"గింత పొద్దువోయిందేంది సారమ్మా? మీ పోరడు ఎప్పుడో వచ్చిండు గదా. తాళంచెయ్యి అడిగి తీస్కపోయిండు. పానం మంచిగ లేదా వానికి? మొఖం గుంజుకపోయింది."

సారమ్మ మెట్లు ఎలా ఎక్కిందో ఆమెకే తెలియదు. తలుపు లోపల గడియ పెట్టి ఉంది. కొట్టింది. పిలిచింది. చప్పుడు లేదు. "ఆరోన్! బిడ్డా!" అబ్బయ్య భుజంతో తలుపును ఒక్క గుద్దు గుద్దాడు. రెండోసారి గుద్దబోతుంటే గడియ తీసిన చప్పుడైంది. ఆరోన్ నిలబడి ఉన్నాడు. చెంప మీద దిండు ముడతల అచ్చులు. పొయ్యి పక్కన గుడ్డు పెంకులు, మాడిన పెనం.

సారమ్మ మీద పడి వాటేసుకుంది. వాడి చేతులు అలాగే కిందకి వేలాడాయి.

"ఎట్లొచ్చినవ్‌రా?" అన్నాడు అబ్బయ్య.

"బస్సుల."

"ఏ బస్సుల?"

"ఉప్పల్ దాక ఒకటి. ఆడ దిగి ఇంకోటి ఎక్కిన. అది తప్పు బస్సు. కాప్రా దిక్కు తీస్కపోయింది. ఆడ దిగి మూడింటి దాక బస్టాప్‌ల కూసున్న. మల్ల అడుక్కుంట వచ్చిన."

"ఎవర్నడిగినవ్?"

"ఎవర్నో. కండక్టర్‌ను. పండ్లమ్మే ఆమెను." ఆరోన్ ఆగాడు. తనకు కూడా ఇప్పుడే తోచినట్టు చెప్పాడు. "గొంతొచ్చింది డాడీ. ఆడ నేనెవరో ఎవ్వనికీ తెల్వదు."

సారమ్మ వాణ్ని వదిలి వెనక్కి జరిగింది. ఆరోన్ ఆమె టోపీ వైపు చూశాడు, తర్వాత కళ్లలోకి.

"ఎవ్వరికీ జెప్పకన్న గదా."

"ప్రార్థన కోసమే బిడ్డా. పేరు గూడ జెప్పలే..."

"గ్రూపుల నువ్వు గూడ ఆమెన్ పెట్టినవ్."

సారమ్మ గోడకు ఆనుకుని కింద కూర్చుంది. తండ్రి వైపు తిరిగాడు ఆరోన్.

"గింతసేపు యాడ తిరిగిన్రు? ఫోన్ ఆన్ జేసి జెప్దామనుకున్న. గా మెసేజ్‌లు సూడలేక జెయ్యలె. అయినా ఇంటికి రాక యాడికి పోత?" అంటూనే వాడి చూపు అబ్బయ్య బూట్ల మీద పడింది. కాసేపు వాటినే చూశాడు. "సచ్చిపోయిన్ననుకున్నరా?"

అబ్బయ్య బయటికి నడిచి, నల్లా కింద బూట్లు పెట్టి కడగడం మొదలుపెట్టాడు. దుమ్ము పోయాక కూడా చాలా సేపు కడుగుతూనే ఉన్నాడు. ఆ రోజు డ్యూటీకి పోలేదు.

మంగళవారం ఆరోన్ కాలేజీకి వెళ్లలేదు. ఎవరూ వెళ్లమనలేదు. సారమ్మ సెలవు పెడతానంటే, "నువ్వు డ్యూటీకి పో మమ్మీ. నువ్వు నన్నే సూస్కుంట కూసుంటే నాకు పండుకొనుడు గూడ కాదు," అన్నాడు. వెళ్లింది. టీ విరామంలో ఫోను తీసి చేతిలో పట్టుకుంది. పేరు దాకా వేలు వెళ్లింది. కప్పులో టీ చల్లారి మీగడ కట్టింది. ఫోను లాకర్లో పెట్టి వచ్చి సీసాల ముందు కూర్చుంటే చేతులు వణికాయి. చెమటలు పట్టాయి. ఊపిరి అందనట్టు అనిపించి మాస్కు కిందకి లాగింది. వాడికి అయ్యేది ఇదేనా? రోజూ ఇదేనా? కొడుకు బాధ మొదటిసారి ఆమెకు తన ఒంట్లో తెలిసింది.

బుధవారం పొద్దున ఆరోన్ బ్యాగు తగిలించుకున్నాడు.

"కాలేజీకా?" అన్నాడు అబ్బయ్య.

"క్లాసుకు గాదు. మేడమ్ కాడికి. బస్సుల పోత."

"నేను రానా?" అంది సారమ్మ. అలా అడగడం ఆ ఇంట్లో కొత్త. ఆరోన్ చెప్పులు వేసుకుంటూ ఆలోచించాడు.

"రా. లోపలికి మాత్రం రాకు."

వాడు బస్సెక్కాడు. అబ్బయ్య బైకు బస్సు వెనకే పోనిచ్చాడు. ఉప్పల్ దాటినా, బోడుప్పల్ దాటినా వెనకే. బస్సు ఆగినచోటల్లా బైకు ఆగుతోంది. సారమ్మ అతని భుజం తట్టింది. "ముందట్కి పో. వాడు సూస్తే మంచిగుండదు." బస్సును దాటేటప్పుడు ఆమె తల తిప్పలేదు. తిప్పకుండా ఉండటానికి భర్త చొక్కా గట్టిగా పట్టుకోవాల్సి వచ్చింది.

పద్మశ్రీ గది బయట మూడు ప్లాస్టిక్ కుర్చీలున్నాయి. సారమ్మ ఒకదాంట్లో కూర్చుంది. కాసేపటికి ఆరోన్ వచ్చాడు. చొక్కా నలిగింది, జుట్టు రేగింది. ఆమె చెయ్యి అలవాటుగా జుట్టు సవరించడానికి లేచి, మధ్యలో ఆగి, ఒళ్లోకి వచ్చింది. వాడు లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాడు.

ఫోను మోగింది. పాస్టరమ్మ.

"ఏమంటుందమ్మా డాక్టరమ్మ? పిల్లగాడు ఎట్లున్నడు? చెప్తే మనవిల పెడ్త. అందరు అడుగుతున్నరు."

"నాకు తెల్వది అమ్మగారూ."

"తెల్వకపోవుడేంది? తల్లివి గదా."

"వాడు లోపలున్నడు. నేను బయట కూసున్న."

"మరి బయటికొచ్చినంక నీకు జెప్పడా?"

"జెప్తే వింట. జెప్పకుంటే లేదు. గ్రూపుల పెట్టింది తీసెయ్యండి అమ్మగారూ. ప్రార్థన కావాల్నంటే వాడే వచ్చి అడుగుతడు."

పాస్టరమ్మకు కష్టం కలిగింది. ఇన్నేళ్లలో ఆమెతో సారమ్మ ఇలా మాట్లాడింది లేదు. "సరే బిడ్డా, నీ ఇష్టం," అని ఫోను పెట్టేసింది. సారమ్మకు దిగులేసింది. శుక్రవారం ఆ చాప మీద ఎట్లా కూర్చోవాలో, అసలు కూర్చోనిస్తారో లేదో అనుకుంది.

అప్పుడు లోపల్నుంచి నవ్వు వినిపించింది. మేడమ్‌ది కాదు. ఆరోన్‌ది. ముందు చిన్నగా, ఆపుకుంటున్నట్టు, తర్వాత గట్టిగా. కాలేజీలో చేరాక వాడు ఇంట్లో అలా నవ్వలేదు. సారమ్మ లేచి నిలబడింది. తలుపు దాకా వెళ్లింది. ఏం చెప్పి నవ్వాడు? ఆ కొత్త మనిషికి చెప్పేది తనకు ఎందుకు చెప్పడు? కుళ్లుగా అనిపించింది. తెరిచి, నాక్కూడా జెప్పురా అనాలనిపించింది.

లోపల 'మమ్మీ' అన్న మాట వినబడింది. ఆ తర్వాత మళ్లీ నవ్వు.

తన గురించే. సారమ్మ తలుపు మీద నుంచి చెయ్యి తీసి, వెనక్కి వచ్చి, తలుపుకు దూరంగా ఉన్న చివరి కుర్చీలో కూర్చుంది. తన మీదే నవ్వితే నవ్వనీ అనుకుంది.